బ్యాటరీ రంపము: కొనబోవు రైతు ముందుగా చూచుకొనవలసిన సంగతులు



గడచిన వేసవిలో ఒక సాయంకాలము సికింద్రాబాదులోని మెట్టుగూడలో ఒక పెద్దాయన ఇంటి వసారాలో కూర్చొనియుంటిమి. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడు. 1893లో నైజాం రైల్వే కాలమున వెలసిన ఆ వర్క్‌షాపు మెట్టుగూడకు కూతవేటు దూరములోనే ఉన్నది. మేము మాట్లాడుకొనుచుండగా జనగామ వైపు పల్లెనుండి పెద్దాయన అన్నకొడుకు రైలు దిగి, భుజాన సంచితో వచ్చినాడు. సంచిలో నెలక్రితము కొన్న బ్యాటరీ రంపమున్నది. దుకాణములలో దీనినే కార్డ్‌లెస్ సర్క్యులర్ సా అందురు. వైరు లేకుండ బ్యాటరీతో తిరుగుచు, పండ్లుగల గుండ్రని బ్లేడుతో చెక్కను కోయు చేతియంత్రమిది.

“కాకా, ఇది మోసపు మిషను. మూడు నిమిషాలు కోసిందో లేదో ఆగిపోయింది. మళ్ళ చార్జింగు పెట్టినా గంతే,” అన్నాడతడు.

“మిషను సంగతి తర్వాత చూద్దాం బిడ్డా. ముందుగాల ఏం కట్టె కోసినవో చెప్పు,” అన్నాడు పెద్దాయన.

కోసినది పాత ఇంటినుండి విప్పిన వేప దూలము. పశువుల గాడికి పలకలు కావలెనని దానిని నిలువునా చీల్చబోయినాడు. పెద్దాయన బ్లేడు విప్పి వెలుతురులో త్రిప్పిచూచెను. అంచు నల్లగా కమిలియున్నది. మూడుచోట్ల పండ్లు ఊడినవి. దూలములో పాత మేకులుండెను. బ్లేడుకు 60 పండ్లు, అనగా అది ప్లైవుడ్డు నునుపుగా కోయుటకు చేసిన బ్లేడు. బ్యాటరీ మీద 18 వోల్టులు, 2 ఆంపియర్ గంటలు అని ముద్రించియున్నది. ఆయన నవ్వి, “మిషనుకు ఏం రోగం లేదురా. నువ్వు స్కూటరుకు నాగలి కట్టి దున్నినవ్,” అన్నాడు.

ఈ చిన్న సంఘటనయే ఈ వ్యాసమునకు కారణము. ఇప్పుడు పట్నము దుకాణములలోనేగాక మండల కేంద్రములలోను ఈ రంపములు దొరకుచున్నవి. కొట్టము వేసికొను రైతు, కోళ్ళ పెట్టెలు చేసికొను రైతు, తేనెటీగల పెట్టెలు కట్టుకొను రైతు వీటిని కొనుచున్నారు. కాని పెక్కుమంది ముందుగా యంత్రమును చూచి, ధర విని, ఇంటికి తెచ్చిన పిమ్మట దానికి పని వెదకుచున్నారు. ఈ వరుసను తిరుగవేయవలెను. ముందు మీ పనిని చూచుకొనుడు. తరువాత బ్యాటరీని, దాని తరువాత బ్లేడును చూడుడు. యంత్రమునకు వేసిన రంగు, దానిపై వ్రాసిన పేరు అన్నిటికంటె చివరవి.

ఇది చేయు పని, చేయని పని

చక్రపు రంపము ఎండిన, అంచులు తీర్చిన చెక్కను తిన్నని గీతమీద కోయును. పలకలు, ప్లైవుడ్డు, సెంట్రింగు చెక్కలు, కొట్టము కప్పుకు వేయు వాసములు, తలుపు పలకలు దీనికి తగిన పనులు. చేతిరంపముతో పూట పట్టు అడ్డుకోతలు దీనితో అరగంటలో ముగియును.

నిలిచియున్న చెట్టును, పచ్చి కొమ్మను, వంటచెరకును దీనితో కోయరాదు. గుండ్రముగానున్న సరుగుడు, నీలగిరి గుంజలు కోతలో దొర్లి బ్లేడును పట్టివేయును. పచ్చి చెక్క నార ఉబ్బి కోతసందును మూసివేయును. అట్టి పనులకు గొలుసు రంపమో, కొమ్మలు కత్తిరించు చేతిరంపమో కావలెను. చెట్టు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలసియుండునన్న సంగతి కూడ ఈ సందర్భమున జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తాటి దూలము మరియొక విధమైన చిక్కు. దాని నల్లని గట్టి ఈనెలు మంచి బ్లేడును సైతము త్వరలో మొద్దుబార్చును. నాగలి, గొర్రు, కాడి మొదలగు వంపు పనిముట్లకు ఈ రంపము ఉపయోగపడదు. అక్కడ బాడిసయే రాజు.

ఈ యంత్రము పుట్టుకలో రైతు కూలీల చెమట ఉన్నదని చెప్పుదురు. 1920 దశాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు ప్రాంతమున ఎడ్మండ్ మిషెల్ అనునతడు చెరకు కోతగాండ్రు బరువైన కత్తులతో పడు శ్రమను చూచి, మోటారు బిగించిన కత్తి ఒకటి తయారుచేయబూనెను. చెరకు తోటలో నిలదొక్కుకొనకున్నను ఆ ఆలోచన వడ్రంగి పనిలో నిలదొక్కుకొన్నది. 1924లో జోసెఫ్ సలివాన్‌తో కలసి అతడు చేతితో పట్టుకొను విద్యుత్తు రంపముల వ్యాపారము ప్రారంభించెను. అప్పటి రంపములన్నియు వైరుతో నడచునవి. చేతి యంత్రములకు లిథియం బ్యాటరీలు 2005 ప్రాంతమునుండి మాత్రమే విరివిగా వచ్చినవి.

వైరు రంపము చాలదా?

ఈ ప్రశ్న దుకాణదారుడు అడుగడు గనుక మేమే అడుగుచున్నాము. మీ పని ఇంటి ముంగిటనే జరుగునదైతే, ప్లగ్గు అందుబాటులో ఉన్నచో, వైరు రంపము తక్కువ ధరకు ఎక్కువ బలము నిచ్చును. అది పొద్దంతయు నడచును. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభమైన పిదప బావివద్ద సైతము విద్యుత్తుకై రాత్రివేళ కాచుకొని కూర్చుండు అవసరము తగ్గినది. కాని మోటారు డబ్బానుండి మూడు ఫేజుల వైరు పీకి రంపమునకు కలుపు దుస్సాహసమును ఎవ్వరును చేయరాదు. రంపమునకు కావలసినది భూమి తీగె గల మామూలు ప్లగ్గు.

బ్యాటరీ రంపపు లాభము వేరు. కొట్టము కప్పుమీద, నిచ్చెనపైన, పొలము గట్టున, పందిరి క్రింద పనిచేయునపుడు కాళ్ళకు తగులుకొను వైరు ఉండదు. పొరపాటున వైరునే కోసివేయు భయము లేదు. తడి నేలమీద షాకు భయము తక్కువ. ఏడాదిలో పది రోజులకు మించి ఇట్టి పని లేనివారు నలుగురు కలసి ఒకటి కొనుటయో, అద్దెకు తెచ్చుకొనుటయో మేలని మా అభిప్రాయము.

అసలు బేరము బ్యాటరీదే

మనకందరకు పరిచయమైన పిచికారీ యంత్రమును తీసికొందము. అందులో సాధారణముగా 12 వోల్టులు, 8 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీ ఉండును. వోల్టులను ఆంపియర్ గంటలతో హెచ్చవేసిన ఆ బ్యాటరీలోని సరకు, అనగా వాట్ గంటలు, తెలియును. 12ను 8తో హెచ్చవేయగా 96. రంపపు బ్యాటరీ 18 వోల్టులు, 5 ఆంపియర్ గంటలదైనచో 90. రెండింటిలోను సరకు దాదాపు సమానమే. కాని పిచికారీ బ్యాటరీ రెండు కిలోలకు పైగా తూగును. లిథియం బ్యాటరీ ముప్పాతిక కిలోకు అటునిటుగా ఉండును. చేతిలో పట్టుకొను రంపమునకు ఈ తేడాయే ప్రాణము.

ఇప్పుడు జనగామ రైతు లెక్కను చూడుడు. అతని బ్యాటరీ 18 వోల్టులు, 2 ఆంపియర్ గంటలు, అనగా 36 వాట్ గంటలు. గట్టి చెక్కను నిలువునా చీల్చునపుడు రంపము సుమారు 700 వాట్లు లాగినదనుకొందము. 36ను 700తో భాగించి 60తో హెచ్చవేసిన మూడు నిమిషములకు కొంచెమెక్కువ వచ్చును. మూడు నిమిషములకు ఆగినదని అతడు చెప్పినదానిలో అబద్ధము లేదు, యంత్రములో మోసమును లేదు. అదే బ్యాటరీతో నాలుగంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందముగల పలకలను అడ్డముగా కోసియుండినచో కోతకు మూడు సెకన్లు వేసికొన్నను 60 కోతలు వచ్చియుండును. కొట్టము కప్పుకు ఒక పూట పని దానితోనే సాగును. కొనుటకు ముందు మీరు కోయబోవు కోతలను ఈ విధముగా వ్రేళ్ళమీద లెక్కవేసికొనుడు.

ఇందులో మరియొక సూక్ష్మమున్నది. పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు నడచుటయే కాదు, ఎక్కువ బలముగా కూడ లాగును. 18 వోల్టుల బ్యాటరీ పెట్టెలో 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరుసగా ఉండును. 700 వాట్లు రావలెనన్న 18 వోల్టులవద్ద సుమారు 39 ఆంపియర్లు ప్రవహింపవలెను. ఒకే వరుస ఉన్నచో ఆ భారమంతయు ప్రతి సెల్లుపైన పడును. అది వేడెక్కి, లోపలి రక్షణ ఏర్పాటు యంత్రమును ఆపివేయును. పది సెల్లులు రెండు వరుసలుగా ఉన్న బ్యాటరీలో ఆ భారము సగమగును. ఒంటెద్దుకు, జోడెడ్లకు గల తేడా వంటిదే ఇది. కావున చక్రపు రంపమునకు 4 ఆంపియర్ గంటలకు తగ్గిన బ్యాటరీని మేము సిఫారసు చేయము. చిన్న బ్యాటరీ డ్రిల్లుకు చాలును, రంపమునకు చాలదు. రెండు బ్యాటరీలున్న ఒకటి నడచుచుండగా మరియొకటి చార్జి అగుచుండును. చార్జరు ఎన్ని ఆంపియర్లదో కూడ అడుగుడు. 5 ఆంపియర్ గంటల బ్యాటరీకి 2 ఆంపియర్ల చార్జరు రెండున్నర గంటలకు పైగా పట్టును.

వోల్టుల పేర్లతో జరుగు మాయ తెలిసికొనుడు. ఐదు సెల్లుల బ్యాటరీని ఒకరు 18 అందురు, మరియొకరు 20 మాక్స్ అందురు, ఇంకొకరు 21 అందురు. సెల్లుకు 3.6 చొప్పున లెక్కించిన 18, నిండుగా ఉన్నపుడు 4 చొప్పున 20, 4.2 చొప్పున 21 వచ్చును. మూడును ఒక్కటే. 20 అన్నది 18 కంటె బలమైనదని ఎక్కువ ధర ఇయ్యవద్దు. ఇక చౌక యంత్రములమీద 48 వి.ఎఫ్., 88 వి.ఎఫ్., 128 వి.ఎఫ్. అని పెద్ద అంకెలు కనబడుచుండును. అవి వోల్టులు కావు. పెట్టె విప్పిచూచిన లోపల సాధారణముగా అవే ఐదు సెల్లులు, లేదా వాటి రెట్టింపు ఉండును. అంకెను నమ్మక వాట్ గంటలు ఎక్కడ ముద్రించిరో చూపుమనుడు. చూపలేకపోయినచో బ్యాటరీని తూకము వేయుడు. తరచు వాడు చిన్నరకపు సెల్లు ఒక్కొక్కటి 45 నుండి 50 గ్రాములు తూగును. పది సెల్లులు, పైపెట్టెతో కలిపి 600 గ్రాములకు తగ్గరాదు. 5 ఆంపియర్ గంటలని చెప్పిన బ్యాటరీ 350 గ్రాములే తూగినచో ఆ మాటను నమ్ముటకు వీలులేదు. విత్తనాల సంచిని తూచి కొను రైతు దీనిని తూచుటకు సిగ్గుపడనక్కరలేదు. లిథియం బ్యాటరీమీద భారత ప్రమాణముల సంస్థ గుర్తు, ఐ.ఎస్. 16046 అను సంఖ్య ఉండవలెను. లేనిది ఎంత చౌకయైనను వలదు.

ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ యంత్రమునకు సరిపడదు. ఒకే కంపెనీలో సైతము అన్నియు ఒకదానికొకటి సరిపడవు. బాష్ వారి నీలిరంగు యంత్రముల 18 వోల్టుల బ్యాటరీ వారి ఆకుపచ్చ యంత్రములకు పట్టదు. మకిటా వారి 18 వోల్టుల బ్యాటరీ వారి 40 వోల్టుల యంత్రములకు పట్టదు. కావున మీరు కొనునది ఒక రంపమును కాదు, ఒక బ్యాటరీ కుటుంబమును. ఆ కుటుంబములో కొమ్మలు కత్తిరించు కత్తెర, చిన్న గొలుసు రంపము, డ్రిల్లు, గడ్డికోత యంత్రము ఏవేవి ఉన్నవో ముందే విచారింపుడు. మామిడి, దానిమ్మ, జామ తోటలుగల రైతుకు రంపముకంటె కత్తెరయే ఎక్కువ రోజులు ఉపయోగపడవచ్చును. ఒకసారి బ్యాటరీలు, చార్జరు కొన్న పిమ్మట మిగిలిన యంత్రములను బ్యాటరీ లేకుండ తక్కువ ధరకు తీసికొనవచ్చును.

బ్లేడు

బ్లేడు వ్యాసమునుబట్టి కోత లోతు ఉండును. 165 మిల్లీమీటర్ల బ్లేడు గల రంపము సుమారు 55 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములకు కొంచెమెక్కువ కోయును. 185 మిల్లీమీటర్లది సుమారు 65 కోయును. ఏటవాలుగా కోసినపుడు లోతు ఇంకను తగ్గును. మూడంగుళముల ద్వారబంధము ఈ రెండింటిలో దేనికిని ఒక్క కోతలో తెగదు. రెండు ప్రక్కలనుండి కోయవలెను. పెద్ద బ్లేడు బ్యాటరీని త్వరగా త్రాగును, చేతికి బరువు కూడ. సాధారణ రైతుకు 165 చాలునని మా నమ్మకము.

పండ్ల సంఖ్య ఎక్కువైనకొలది కోత నునుపు, తక్కువైనకొలది వేగము. పలకలు, వాసములు కోయుటకు 24 పండ్ల బ్లేడు, ప్లైవుడ్డునకు 40 పండ్లది ఉంచుకొనుడు. నిలువుకోతకు 60 పండ్ల బ్లేడు పనికిరాదు. పండ్లమధ్య పొట్టు నిలువ చోటులేక అది రాచుకొని చెక్కను మాడ్చును, బ్యాటరీని హరించును. బ్యాటరీ రంపమునకు ఒకటిన్నర మిల్లీమీటర్ల కోతసందు గల పలుచని బ్లేడు మంచిది. రెండున్నర మిల్లీమీటర్ల సందు కోయు బ్లేడు అంతకంటె చాల ఎక్కువ చెక్కను పొట్టుగా మార్చవలెను. ఆ శ్రమయంతయు బ్యాటరీదే. బ్లేడు నడిమి రంధ్రము మీ యంత్రమునకు సరిపోవలెను. బ్లేడుమీద వ్రాసిన గరిష్ఠ వేగము యంత్రపు వేగముకంటె ఎక్కువగా ఉండవలెను. పాత చెక్కను కోయుటకు ముందు అయస్కాంతమును పైన త్రిప్పి మేకులను వెదకి పీకివేయుడు. ఒక్క మేకు బ్లేడు ఖరీదును మ్రింగును.

కవచము లేని కోత

పెద్దాయన ఎడమచేతి చూపుడు వ్రేలు సగమే ఉన్నది. అది బ్యాటరీ రంపమువలన పోయినది కాదు. ఉద్యోగ విరమణ తరువాత ఒక ఇంటి పనిలో రాళ్ళు కోయు మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు బిగించి వాడినాడు. మన పల్లెలలోను పట్నములలోను ఈ అలవాటు ఎంతగా పాకినదో మీకు తెలియును. నాలుగంగుళముల మార్బుల్ కట్టరు నిమిషమునకు 12,000 చుట్లకు పైగా తిరుగును. దానికి క్రింది కవచము ఉండదు. గ్రైండరుకు పండ్ల బ్లేడు బిగించుట ఇంతకంటె ప్రమాదకరము. చక్రపు రంపమునకు క్రింది భాగమున కదలు కవచమొకటి ఉండును. కోయునపుడు అది వెనుకకు జరుగును, కోత ముగిసినవెంటనే తనంతట మూసికొనును. బ్యాటరీ రంపము కొనుటకు ఒక్క కారణమే చెప్పుమనిన మేము ఈ కవచమునే చెప్పుదుము. దానిని గుడ్డపీలికతో కట్టివేసి, చీల దిగగొట్టి పనిచేయువారిని చూచినాము. వేగము పెరుగునని వారందురు. దానివలన పెరుగునది వేగము కాదు, ప్రమాదము.

దుకాణములో బ్యాటరీ తీసివేయించి ఆ కవచమును చేతితో వెనుకకు లాగి విడువుడు. తటాలున మూసికొనవలెను. అడుగు పలకను ఉక్కు కొలబద్దపై ఆనించి వెలుతురు కనబడునేమో చూడుడు. పలుచని రేకు పలక ఒకసారి క్రింద పడిన వంగిపోవును. పోతపోసిన పలక మేలు. బ్లేడునకు పలకకు మధ్య మూలమట్టము పెట్టి చూడుడు. లోతు మీట బిగించిన పిమ్మట కదలరాదు. పిదప బ్యాటరీ పెట్టించి మీట నొక్కి విడువుడు. బ్రేకు ఉన్న యంత్రములో బ్లేడు క్షణములో నిలుచును. మోటారు బ్రష్‌లు లేనిదైతే ధర కొంత ఎక్కువ, కాని అదే బ్యాటరీతో ఎక్కువ పని ఇచ్చును, కార్బన్ ముక్కలు మార్చు పని తప్పును. సికింద్రాబాదు రాణీగంజు వంటి పనిముట్ల బజారులో నాలుగు దుకాణములు తిరిగి పోల్చిచూచు వీలున్నది. రశీదుమీద యంత్రపు సంఖ్య, బ్యాటరీ సంఖ్య రెండును వ్రాయించుకొనుడు. బ్యాటరీకి ఇచ్చు హామీకాలము తరచు యంత్రముకంటె తక్కువ ఉండును. మరమ్మతు కేంద్రము మీకు ఎంత దూరములోనున్నదో ఆ రోజే తెలిసికొనుడు.

పనిచేయునపుడు

మన వడ్రంగులు నేలమీద కూర్చుండి, పలకను కాలితో అదిమిపట్టి కోయుట తరతరాల అలవాటు. చేతిరంపముతో అది నేర్పు. మోటారు రంపముతో అది కాలును పోగొట్టుకొను దారి. నడుమెత్తు బల్లపైన పలకనుంచి, బిగింపులతో కట్టి, నిలబడి రెండు చేతులతో యంత్రమును పట్టి కోయవలెను. పలకను రెండు కొసలలో ఆనించి నడుమ కోయరాదు. కోత ముగియవచ్చునపుడు పలక కుంగి బ్లేడును పట్టును, యంత్రము ఎగిరి మీవైపునకు వెనుకకు వచ్చును. తెగిపడు ముక్క తనంతట జారిపోవునట్లు పలకను అమర్చుడు. యంత్రమునకు నేరుగా వెనుక నిలువక కొంచెము ప్రక్కగా నిలువుడు. బ్లేడు పలక అడుగునుండి ఐదారు మిల్లీమీటర్లు మించి బయటకు రాకుండ లోతును సవరింపుడు. బ్లేడు మార్చునపుడు మొదటి పని బ్యాటరీ తీసివేయుట. వదులుగానున్న తువాలు, పంచె అంచు, చీరకొంగు, చేతి కడియము దగ్గరకు రానీయరాదు. కంటికి అద్దములు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఎంత జాగ్రత్త పడినను ప్రమాదము జరిగినచో గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేతిని పైకెత్తి ఉంచుడు. తెగిన వ్రేలు దొరికినచో దానిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కలపై ఉంచుడు. వ్రేలిని నేరుగా మంచులో పెట్టరాదు, కణజాలము పాడగును. పసుపు, కాఫీపొడి ఏమియు చల్లవద్దు. 108కి ఫోను చేసి, తెగిన వ్రేలున్నదని మొదటి మాటగా చెప్పుడు. గంటలు గడచినకొలది అతికించు అవకాశము తగ్గిపోవును.

వేడి, నిప్పు

2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులోనే ఒక భవనము క్రిందిభాగమున ఉన్న విద్యుత్తు స్కూటర్ల దుకాణములో నిప్పంటుకొని, ఆ పొగ పైనున్న హోటలు గదులకు వ్యాపించి 8 మంది మరణించిరి. రంపపు బ్యాటరీ స్కూటరు బ్యాటరీ అంత పెద్దది కాదు. కాని లిథియం బ్యాటరీలకు మంట అంటుకొనిన అది తీవ్రముగా, పొగతో మండునని, ఆర్పుట కష్టమని మరువరాదు. అందుచేత పండుకొను గదిలో, గడ్డివాము దగ్గర, ప్రత్తి నిలువచేసిన గదిలో, డీజిలు డబ్బాల ప్రక్క చార్జింగు పెట్టకుడు. నాపరాతి బండమీదనో, సిమెంటు నేలమీదనో, మనిషి మెలకువగా ఉన్నవేళ పెట్టుడు. ఉబ్బిన, పగిలిన, నీటిలో మునిగిన బ్యాటరీని తిరిగి చార్జి చేయవలదు. దాని చార్జరుతోనే దానిని చార్జి చేయవలెను. ప్లగ్గు కుదిరినదిగదా అని వేరొక చార్జరు తగిలించరాదు.

మన ఎండలు వీటికి శత్రువులు. సాధారణముగా ఈ బ్యాటరీలను 40 లేక 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. రామగుండములో, నల్లగొండలో, ఖమ్మములో మే నెల మధ్యాహ్నము నీడలోనే అంత వేడి ఉండుట అరుదు కాదు. ఇక రేకుల షెడ్డులో, ట్రాక్టరు డబ్బాలో ఎంత ఉండునో చెప్పనక్కరలేదు. కోతకు వేడెక్కిన బ్యాటరీని అరగంట నీడలో చల్లారనిచ్చి, వేసవిలో తెల్లవారుజామున చార్జి చేయుట మంచిది. నెలల తరబడి వాడనపుడు నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని ఉంచక సగము చార్జితో చల్లని చోట దాచుడు. కాలము తీరిన బ్యాటరీని పాత ఇనుము వానికి వేయకుడు, మంటలో పడవేయకుడు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము తిరిగి సేకరించు బాధ్యత తయారీదారునిది. కావున కొన్న దుకాణములోనే విచారింపుడు.

మెట్టుగూడలో ఆనాడు చీకటి పడువరకు పెద్దాయన అన్నకొడుకుచేత ఈ లెక్కలన్నియు చేయించినాడు. మరునాడు ఇద్దరును మెట్రో ఎక్కి వెళ్ళి 24 పండ్ల పలుచని బ్లేడొకటి, 5 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒకటి కొనిరి. రంపమును తిప్పి ఇచ్చివేయలేదు. కొట్టము కప్పుకు వాసములు, రీపర్లు దానితోనే కోసికొన్నాడని పిదప తెలిసినది. వేప దూలమును మాత్రము మేకులన్ని పీకించి, జనగామలో కోతమిల్లుకు తోలుకొనిపోయి పలకలుగా చీల్పించినాడు.